నుదుటి తీర్థం

పాపని లోపలికి తీసుకుపోయి తలుపు మూసేశారు. మూసే ముందు నర్సు ఒక పింగాణీ గిన్నె తెచ్చి బెంచీ పక్కన పెట్టి మరిచిపోయింది. గిన్నె నిండా దూది. పొద్దున్న పాప ముఖం తుడిచిన దూది అది. పసుపూ కుంకుమా నూనే పొరలు పొరలుగా ఎండిపోయినవి స్పిరిటులో నాని ఊడివచ్చి, పుండు మీంచి తీసిన కట్టులా ముద్దకట్టిన దూది. గంగాభవాని కాళ్ళు పైకి లాక్కుని బెంచీ మీద ముడుచుకు కూర్చుంది. చూడకూడదు అనుకుంటూనే చూస్తోంది. ఎందరి వేళ్ళున్నాయో అందులో. మిల్లులో ధాన్యం చెరిగే ఆడవాళ్ళ వేళ్ళు, గోళ్ళ సందుల్లో ఊక ఇరుక్కున్న వేళ్ళు, చేపలు తోమిన వేళ్ళు, ముక్కు చీదుకుని గోచీకి తుడుచుకున్న వేళ్ళు, అన్నీ వచ్చి తన బిడ్డ రెండు కళ్ళ మధ్య వేలాడే ఆ మెత్తటి తిత్తిని తాకి మళ్ళీ తమ కళ్ళకే అద్దుకున్నాయి. ఒక్కరైనా పాప చెంప తాకలేదు. చెంప ఎవరిక్కావాలి. చెంపలు అందరి పిల్లలకీ ఉంటాయి.

ఈపాటికి మత్తు ఇచ్చి ఉంటారు. ముక్కు మీద గుడ్డ వేసి మందు చుక్కలు చుక్కలుగా పోస్తామన్నాడు డాక్టరు బాబు. ఏ ముక్కు మీద అని అడగబోయి ఊరుకుంది. ఆ తిత్తిని పైకెత్తి చూసినవాళ్ళకి కదా దాని వెనకాల ఒక ముక్కుందని తెలిసేది, చిన్నది, చప్పిడిది, ఎప్పుడూ కారుతూ ఉండేది, ఎత్తి తుడిచేది తనొక్కతే. వరండా చూరు మీంచి వాన నీళ్ళు ధారగా పడి కింద సిమెంటు కాలువలో సుడులు తిరుగుతున్నాయి. కాలువలో ఎవరో ఉమ్మిన కిళ్ళీ ఎర్రగా సాగి, తెగి, మళ్ళీ సాగి పోతోంది. ఈ బర్మా దేశపు రంగం ఊరంతా ఉమ్మే. మెట్ల మీద, గోడల మీద, పడవల అంచుల మీద, గుళ్ళో మూలల్లో. ఓడ దిగిన రోజునే అనుకుంది, ఈ ఊరికి నోరు ఎర్రగా ఉంటుంది కాబోలు అని. అప్పుడు నవ్వొచ్చింది. అప్పుడు కొత్త పెళ్ళికూతురు, పోలయ్య చెయ్యి పట్టుకుని నిచ్చెన దిగింది, అతని చెయ్యి బస్తాలు మోసి మోసి చెక్కలా ఉంది, ఆ చెక్క చెయ్యి అంటే ఎంత ధైర్యమో.

పుట్టినప్పుడు ఆ తిత్తి నేరేడుపండంత ఉంది. పజుండౌంగ్ వాగు ఒడ్డున, బియ్యం మిల్లు కూలీల గదుల లైనులో, తడికె చాటున ఆ పండుని మొదట చూసింది మంత్రసాని. చూసి కెవ్వుమని అరిచి, బిడ్డని చాప మీద పడేసినంత పని చేసి బయటికి పరిగెత్తింది. ఆ అరుపుకి లైనంతా వచ్చింది. తడికె సందుల్లోంచి కళ్ళు, కళ్ళు, ఛీ అన్న మాటలు, పక్కకి తిరిగి ఉమ్మిన చప్పుళ్ళు. తనకి తల ఎత్తే ఓపిక లేదు. అప్పుడు అత్త అప్పలమ్మ దీపం తెచ్చి, బిడ్డ ముఖం మీదికి వంచి, చాలాసేపు చూసింది. "ఒలే, ఇది రోగం కాదే. ఇది తొండమే. ఇనాయకుడే ఆడగుంటయ్యి మనింటికొచ్చినాడు" అంది. అంతే, ఉమ్మినవాళ్ళు చేతులు జోడించారు. అవే నోళ్ళు, తడి ఇంకా ఆరలేదు. బిడ్డని వాగులో పారెయ్యమనకుండా అత్త అలా కాపాడిందని ఎన్నోసార్లు అనుకుంది. కలరాలో అత్త పోయినప్పుడు అందుకే గట్టిగా ఏడ్చింది. కానీ అరిచి పారిపోయిన మంత్రసాని మళ్ళీ రాలేదు, చేతులు జోడించినవాళ్ళు మాత్రం వెళ్ళిపోలేదు. దేముడమ్మ అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. సూర్యావతి అని పెట్టుకోవాలని తనకుంది, కడుపులో ఉన్నప్పటినించీ ఉంది. ఎవరూ లేనప్పుడు చెవిలో సూరీ అని పిలుచుకునేది.

పాలు తాగుతున్నప్పుడు అది రొమ్ముకి ఆనుకునేది, వెచ్చగా, మెత్తగా, లోపల ఏదో కొట్టుకుంటూ. నాడి కొట్టుకున్నట్టే. అది బిడ్డ ఒంట్లోదే అని తనకి ఆ రోజే తెలుసు, పైనించి ఎవరో తెచ్చి అతికించింది కాదని. ఏడిస్తే ఉబ్బేది. దగ్గితే ఉబ్బేది. నిద్రపోతే మెత్తబడి ఒక పక్కకి వాలిపోయేది. లైనులో వాళ్ళు దాన్ని చూసి, సామికి కోపమొచ్చినాది, సామి శాంతించినాడు అని చెప్పుకునేవాళ్ళు. కోపమొస్తే కొబ్బరికాయ. ఏడుస్తున్న పిల్ల ముందు కాయ పగలగొడితే ఆ చప్పుడికి పిల్ల ఇంకా జడిసి ఇంకా ఏడ్చి అది ఇంకా ఉబ్బితే, ఇంకో కాయ. పిల్లకి ఆకలేస్తోంది, పాలిచ్చొస్తాను, పక్కకి జరగండి అంటే, సామికి ఆకలేటే అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు పులిసిపోతాయి. నాలుగేళ్ళలో నేరేడుపండు పెరిగి పెరిగి వంకాయంత అయింది, కళ్ళని చెరో పక్కకి తోసేసింది, పై పెదవి దాకా దిగింది. పిల్ల కన్నా అదే బాగా ఎదుగుతోందని లైను మురిసిపోయింది.

పోలయ్య. పోలయ్య మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చాతకాదు, అది ఇంకా రోత. మేస్త్రీ కూర్మనాథం జట్టులో బస్తాలు మోసేవాడు. మేస్త్రీ ఎవర్నీ పేరు పెట్టి పిలవడు, ఒరే అంటాడు, లేదా కాలితో తడతాడు. పిల్ల పుట్టాక ఆ మేస్త్రీయే పోలయ్యని సామి తండ్రి అన్నాడు. బస్తాలు మాన్పించి, గిడ్డంగి తలుపు దగ్గర నీడలో కాపలా పని ఇచ్చాడు. సామి ఉన్న జట్టని పేరొచ్చి కొత్తగా ఓడ దిగిన కూలీలంతా కూర్మనాథం దగ్గరికే వచ్చి చేరేవాళ్ళు. మిల్లు వెనకాల ఒక రేకుల గుడి లేచింది. ఉతికిన పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, పోలయ్య నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనిషిలా నడిచాడేమో. ఆ నడక చూసి ముచ్చటపడిన రోజులూ ఉన్నాయి. కానీ ఇంటికొచ్చి కూతురి కాళ్ళకి దండం పెట్టేవాడు. ఎత్తుకునేవాడు కాదు. పిల్ల చేతులు చాపి, అయ్యా అని వెంటపడితే, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ దండం పెట్టేవాడు. ఏం మనిషివి మావా, దాన్నొకసారి భుజానేసుకోరాదా అంటే, అపచారమే గంగా అనేవాడు, మెల్లిగా, నిజంగా భయపడుతూ. ఆ రాత్రుళ్ళు అతని పక్కన పడుకోవాలంటే ఒళ్ళు గగుర్పొడిచేది.

లోపల ఏదో ఇనుప వస్తువు పళ్ళెంలో పడిన చప్పుడు. గంగాభవాని లేచి నిలబడింది. మళ్ళీ ఏమీ లేదు. తలుపుకి అద్దం ఉంది గానీ అది పాలవిరుగుడులా తెల్లగా ఉంది, దాని వెనక నీడలు వంగుతున్నాయి, లేస్తున్నాయి. కోస్తున్నారా. కోసేశారా. కోసేటప్పుడు అది ఉబ్బుతుందా, మత్తులో ఏడవరు కదా. కూర్చుంది. గిన్నెని కాలి వేలితో దూరంగా జరిపింది. అది సిమెంటు మీద కీచుమని గీసుకుపోయి, లోపలి దూది ఒకటి అంచు మీదికి జారి వేలాడింది, పసుపు నీళ్ళు కారుస్తూ.

మొన్నటి చవితి. అది తలుచుకోకూడదని ఎంత అనుకున్నా దూది తలుచుకునేలా చేస్తోంది. కూర్మనాథం గుడి ముందు పందిరి వేయించాడు, మట్టి బొమ్మ ఎందుకు, నడిచే సామి ఉండగా అన్నాడు. పొద్దున్న కూర్చోబెట్టిన పిల్లని మధ్యాహ్నమైనా లేవనివ్వలేదు. పట్టు గుడ్డలో చుట్టి, మెడ నిండా దండలు వేసి, దీపాల వేడిలో. జనం వరసగా వచ్చి తాకారు, రుద్దారు, పసుపు పూశారు, ఒకావిడ గొడ్రాలైన తన కోడలి చేత దాన్ని ముద్దుపెట్టించింది. చర్మం అప్పటికే పల్చబడి ఉల్లిపొరలా మెరుస్తోంది. దాని కొస దగ్గర పగిలింది. రక్తం రాలేదు. నీళ్ళొచ్చాయి. తేటగా, బావి నీళ్ళలా, చుక్క, చుక్క, ఆగకుండా. అయ్యో అని తను పిల్ల దగ్గరికి పోబోతే ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని ఆపారు. ఎవరో తీర్థం అన్నారు. తీర్థం, తీర్థం అని పందిరంతా మోగింది. కూర్మనాథం మొదట దోసిలి పట్టాడు. తన బిడ్డ తలలోంచి కారుతున్న నీళ్ళని దోసిట్లో పట్టి, కళ్ళు మూసుకుని, చప్పరించి, మిగిలింది నెత్తిన రాసుకున్నాడు. అతని మీసం కొసన ఒక చుక్క మిగిలింది. తర్వాత ఇంకొకడు. తర్వాత పోలయ్య. పోలయ్య కూడా. పిల్ల కళ్ళు ఎవరినో వెతుకుతున్నాయి, అటో కన్ను, ఇటో కన్ను. దండల కింద దాని చిన్న పొట్ట ఎగిరెగిరి పడుతోంది. తన నోట్లో ఉమ్మి ఊరి, మింగలేక, అక్కడే పందిరి గుంజ మొదట్లో ఉమ్మేసింది. పక్కనున్న ఆవిడ, గుళ్ళో ఉమ్ముతావేటే అని కసురుకుంది.

ఆ సాయంత్రం లైను మొగలో మొహింగా అమ్ముకునే డో మ్యా దగ్గర కూర్చుంది, పిల్లని ఒళ్ళో వేసుకుని. డో మ్యా బర్మా ఆవిడ, ముసలిది, లైను వాళ్ళకి ఆ చేపల పులుసు పోసి పోసి తెలుగు నాలుగు ముక్కలు నేర్చింది. ఆవిడ పిల్లకి దండం పెట్టలేదు. ముఖమూ తిప్పుకోలేదు. చుట్ట పక్కన పెట్టి, వంగి, తిత్తి వైపు కాదు, కళ్ళలోకి చూసింది. "పాపా, నొప్పా?" అంది. పిల్ల కాసేపు ఆలోచించింది. ఆ మాట దాన్నెవరూ అడగలేదు మరి. "నొప్పే. తలంతా నొప్పే. రోజూ నొప్పే" అంది. రోజూ నొప్పని తనతో ఎందుకు చెప్పలేదు. తనడిగితే కదా. ఆకలా అని అడిగింది, నిద్రా అని అడిగింది. "గంగా, రేపు ఆసుపత్రి పోదాం. నేను వస్తాను. మీ వాళ్ళకి చెప్పకు" అంది డో మ్యా. తెల్లవారి పోలయ్య మిల్లుకి పోగానే ఇద్దరూ పిల్లకి దుప్పటి కప్పి, వాన ఉందన్న వంకతో తల మీద ఇంకో గుడ్డ వేసి, రిక్షా ఎక్కించారు. రిక్షా లాగినవాడు కూడా తెలుగువాడే. దేముడమ్మని మోస్తున్నానని తెలిస్తే ఎక్కడ ఆపేసి మొక్కుతాడో అని దారంతా గుడ్డ గట్టిగా పట్టుకుని కూర్చుంది. చీకటి పడ్డాక డో మ్యా తన అంగడికి తిరిగిపోయింది, తను మాత్రం రాత్రంతా పిల్లతో ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

ఇక్కడ దండాలు లేవు. ఇక్కడ వేరే రోత. విశాఖపట్నం వైపు డాక్టరు బాబు, జగదీశ్వరరావు, మంచివాడే, తెలుగులో మాట్లాడాడు. పెద్ద డాక్టరు దొర వచ్చి పిల్లని చూసీ చూడగానే అతని ముఖం వెలిగింది. పండగ భోజనం చూసినవాడి ముఖంలా. చీకటి గదిలోకి తీసుకుపోయి, తిత్తి వెనకాల చిన్న దీపం పెట్టారు. అది ఎర్రగా, కాగితపు లాంతరులా వెలిగింది. వెలుగులో అంతా నీళ్ళే, ఒక మూల మాత్రం నల్లటి నీడ, వేరులాంటిది, నుదుటి లోపలికి పోతూ. పిల్లని గిల్లి ఏడిపించారు. అది ఉబ్బింది. దొర తలాడించాడు. కోటులు వేసుకున్న కుర్రాళ్ళు చుట్టూ మూగి పెన్సిళ్ళతో బొమ్మలు గీసుకున్నారు, ఒకడు తన ముక్కు ముందు చెయ్యి పెట్టి ఏనుగులా ఊపాడు, పక్కవాడు నవ్వాపుకున్నాడు. ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. డాక్టరు బాబు వాడిని చూడలేదు, చూసినా చూడనట్టున్నాడు. "ఇది తొండం కాదమ్మా. నుదురూ ముక్కూ కలిసే చోట ఎముకలో పుట్టుకతోనే చిల్లు ఉంది. మెదడు చుట్టూ ఉండే పొర అందులోంచి బయటికి జారింది, నీళ్ళతో. ఏడిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఉబ్బుతుంది, అంతే. ఈ దేశంలో కొందరు పిల్లలు ఇలా పుడతారు. ఇంత పెద్దది మాత్రం ఎవరూ తీసుకురారు, చాలా అరుదు" అన్నాడు. కారుతున్న నీళ్ళేవిటని అడిగింది. "మెదడు చుట్టూ ఉండే నీళ్ళు" అన్నాడు. అప్పుడు కూర్మనాథం మీసం మీది చుక్క గుర్తొచ్చి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ దారినే బయటి విషం లోపలికి పోతుందట, ఇంకా జ్వరం రాకపోవడం అదృష్టమట, కోసి మూసెయ్యాలట, కోసినా బతుకుతుందని మాటివ్వలేరట. అరుదు, అరుదు అని దొర అన్నదాన్ని అతను ఎన్నిసార్లు చెప్పాడో. ఆ మాట వింటే ఒళ్ళు మండింది. లైనులో వాళ్ళకీ అది అరుదే కదా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. చూడకుండానే ఎవరో తెలిసింది. ముందు కూర్మనాథం, తలపాగాతో, వానకి తడిసి, చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో మడత పెట్టిన ఎర్ర పట్టుగుడ్డ. వెనక పోలయ్య, ముఖం పాలిపోయి. నిన్నటినించీ వెతుకుతున్నారు కాబోలు, ఆసుపత్రి సంగతి రిక్షావాడే చెప్పాడేమో, కోత సంగతి ఇక్కడెవరో.

"ఎంత పని సేసినావే గంగా" అన్నాడు పోలయ్య.

"సామిని కోతకి పెట్టించినావా? మమ్మల్నొక మాట అడిగితే ఏటి?" అన్నాడు కూర్మనాథం.

"అడిగితే ఒప్పుకోరనే అడగనేదు మేస్త్రీ."

అతను పళ్ళు కొరికాడు, తర్వాత సర్దుకున్నాడు, అతనికి సర్దుకోవడం బాగా తెలుసు. "సరే, అయ్యిందేటో అయ్యింది. ఆ తొండం మాకిచ్చీమను. గుళ్ళో రాతి కింద ఎట్టి కొలుసుకుంటాం. సామి ఎక్కడున్నా సామే."

గంగాభవాని పళ్ళెం వైపు చూసింది. పట్టుగుడ్డ మీద అప్పటికే పూలు చల్లి ఉన్నాయి. దారిలో ఎక్కడ ఆగి కొన్నారో, బేరమాడారో. మొగుడి వైపు తిరిగింది. "పిల్లెలాగున్నాదని అడగవేటి మావా?"

పోలయ్య పెదవులు కదిలాయి. "ఎలాగున్నాది?"

"తెలీదు. తలుపు ఇంకా తియ్యనేదు."

అతను గోడకి జారి నేల మీద కూలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. డాక్టరు జగదీశ్వరరావు బయటికొచ్చాడు, ముఖం గుడ్డ మెడలోకి లాక్కుంటూ, చెమటతో, జబ్బల దాకా తడితో. "అయిపోయిందమ్మా. పాప ఊపిరి బాగుంది, నాడి బాగుంది. లోపలికి పోవలసింది లోపలికి నెట్టి, మొదట్లో గట్టిగా కట్టి, పనికిరాని తిత్తి కోసేశాం, పైన చర్మం మూసి కుట్టాం. ఇంకా మత్తులో ఉంది. లేచి నిన్ను గుర్తుపట్టి మాట్లాడిందంటే సగం గండం గడిచినట్టే. జ్వరం రాకుండా కొన్నాళ్ళు చూసుకోవాలి." ఆ మాటలు చెవుల్లో పడుతున్నాయి గానీ ఒకదానికొకటి అతుక్కోవడం లేదు. ఊపిరి బాగుంది అన్నదొక్కటే పట్టుకుంది. దాన్ని వదలకుండా పట్టుకుంది.

"బాబూ, మరా తొండం?" కూర్మనాథం పళ్ళెం ముందుకు చాపాడు.

"అదా? అది ఇవ్వరు. సీసాలో మందు పోసి పెడతాం. దొరగారు కాలేజీకి పంపిస్తారు, కుర్రాళ్ళు చదువుకోడానికి."

"అదెలాగ? అది మా దేవుడు."

"దేవుడేవిటయ్యా, మెదడు పొర అది. చాలా అరుదైనది."

ఇద్దరూ తన తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. ఒకరికి గుడి కావాలి, ఒకరికి సీసా కావాలి. లోపల ఊపిరి తీస్తున్న పిల్ల ఎవరికీ గుర్తులేదు, నాడి చూసి వచ్చిన ఈ చదువుకున్న మనిషికి కూడా అప్పుడే గుర్తులేదు. ఇద్దరి నోళ్ళ తడి తన మీద పడుతున్నట్టుంది. లేచింది. "ముందు నాకు సూపించండి బాబూ. అది నా కూతురిది" అంది.

డాక్టరు తటపటాయించాడు, నర్సుతో ఏదో అన్నాడు. నర్సు తడిగుడ్డ కప్పిన చిన్న గిన్నె తెచ్చింది. గుడ్డ తీసింది. నీళ్ళు పోయిన తిత్తి, వేలెడంత లేదు. ముడతలు పడి ముడుచుకుపోయింది, ఒక వైపు బూడిద రంగు, ఒక వైపు ఇంకా వదలని పసుపు మరక, మధ్యలో గడ్డకట్టిన నెత్తురు. చేపల బజారులో పొట్ట చీల్చి పక్కన పారేస్తారే, అలాంటిది. ఇంతేనా. దీనికేనా కొబ్బరికాయలు, దీనికేనా పందిరి. గంగాభవాని రెప్ప వాల్చకుండా చూసింది. చచ్చిపోయిన దానిలా ఉంది గానీ దాని మీద కోపం రాలేదు, పాపం అదీ పిల్లలోదే, వెచ్చగా తన రొమ్మునానుకున్నదే. గిన్నెని నర్సు చేతిలోంచి తీసుకుని కూర్మనాథం ముందు పట్టింది.

"తీసుకోండి మేస్త్రీ. పళ్ళెంలో ఎట్టుకోండి."

అతను వంగి చూశాడు. చూసి ఒక్కసారిగా వెనక్కి తగ్గాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు గటగటలాడింది, పళ్ళెంలో పూలు జారి కింద పడ్డాయి. ఆ నీళ్ళు చప్పరించి తాగినవాడు. "ఇది కాదు" అన్నాడు కండువాలోంచి. "ఇది కాదు. దొరలు మార్చీసినారు. సామిది ఇలాగుండదు."

"ఇలాగే ఉంటాది. సరిగా సూడండి."

చూడలేదు. గోడ వైపు తిరిగి, తర్వాత మెట్ల వైపు తిరిగి, "జట్టుకే అరిష్టం తెచ్చీసినావు. రేపట్నించి నా జట్టులో అడుగెట్టకు పోలయ్యా, ఇద్దరూ లైను కాళీ చేసీండి" అన్నాడు. చెప్పులు తపతపలాడిస్తూ దిగిపోయాడు. పట్టుగుడ్డ మెట్ల మీద పడి ఉండిపోయింది.

పోలయ్య లేవలేదు. గిన్నె వైపు చూస్తున్నాడు. "మరింకేటీ లేదా?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా. పని పోయింది, పేరు పోయింది, జనం తప్పుకుని దారిచ్చే నడక పోయింది. ఆ ముఖం చూస్తే అసహ్యమూ వేసింది, అసహ్యపు అడుగున ఎక్కడో జాలీ వేసింది, రెండూ ఇప్పుడు విడదీసే ఓపిక లేదు. "ఉన్నాది. నీ కూతురున్నాది" అంది. గిన్నె డాక్టరుకి ఇచ్చేసింది.

"సీసాలో ఎట్టుకోండి బాబూ. ఇలాటి గుంట ఇంకోటొస్తే మీ కుర్రోళ్ళు బేగి పోల్చుకుంటారంటే ఎట్టుకోండి. కానీ ఆళ్ళని నా పిల్ల మంచం కాడికి రానివ్వకండి. తొండం ఊపినోడిని అసలే రానివ్వకండి."

జగదీశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. చూశాడన్నమాట నిన్న. "రానివ్వను" అన్నాడు నేలకేసి చూస్తూ. తర్వాత తలుపు తనే పట్టుకుని తెరిచాడు.

మంచం తెల్లగా, ఎత్తుగా ఉంది, దాని మీద పాప అంత చిన్నదని ఎప్పుడూ అనిపించలేదు. నుదుటినించి ముక్కు దాకా కట్టు. కట్టు కింద నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, నోటికి అడ్డం ఏమీ లేదు, పై పెదవి మీద ఒక చిన్న గుంట ఉంది, పెదవి మధ్యలో, తన పెదవి మీదున్నటువంటిదే. ఇన్నాళ్ళూ దాని నీడలో ఉండిపోయిన గుంట. మంచం అంచున కూర్చుని దాన్నే చూస్తూ ఉంది. చల్లటి, తియ్యటి, కుళ్ళు పండులాంటి మందు వాసన పాప ఊపిరి నిండా ఉంది. కూర్మనాథం ఇక లైనులో ఉండనివ్వడు, డో మ్యా వంటింటి వెనకాల చోటుంది, అడగాలి, డో మ్యా అడక్కుండానే రమ్మంటుంది. జ్వరం వస్తే. రాకపోతే. కట్టు విప్పాక జనం మళ్ళీ ఉమ్ముతారా, కళ్ళు దూరదూరంగా ఉన్నాయని నవ్వుతారా. నవ్వనీ. సూరీ, అని పిలిచింది, చెవిలో కాదు, మామూలుగా, గదిలో అందరూ వినేటట్టు. సూరీ. సూరీ. ఏమీ లేదు. ఊపిరి లోపలికి, బయటికి. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు మెత్తగా, ఎవరివో అయినట్టున్నాయి. లేచి గుర్తుపట్టాలన్నాడు. గుర్తుపట్టకపోతే. ఆ కోసేసిన ముక్కలో తనూ పోయి ఉంటే, అమ్మ అన్న మాట అందులోనే ఉండిపోయి సీసాలోకి పోతుంటే.

పాప రెప్పలు కదిలాయి. ఒక కన్ను తెరుచుకుంది, మసకగా, పైకప్పు వైపు తిరిగి, తర్వాత మెల్లిగా కిందికి వచ్చి గంగాభవాని ముఖం దగ్గర ఆగింది. పొట్ట ఒక్కసారి లోపలికి పోయింది. గంగాభవాని పాప తలని పక్కకి తిప్పి దోసిలి పట్టింది, వెచ్చటి పుల్లటి వాంతి దోసిట్లో పడి, నిండి, మణికట్ల మీంచి పొర్లి చీర కుచ్చెళ్ళలోకి కారింది. ఇంకోసారి. ఇంకోసారి పసరు. నర్సు గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, అయ్యో అమ్మా, కడుక్కో, కడుక్కో అంటోంది. గంగాభవానికి ఏం కడుక్కోవాలో అర్థం కాలేదు. చేతులు అలాగే ఉంచింది. వెచ్చగా ఉంది, అంతే. పాప కన్ను తల్లి ముఖం మీంచి చేతుల మీదికి దిగింది, ముఖం చిట్లింది, కట్టు కింద అంత చిన్న ముఖం ఎంత చిట్లగలదో అంతా చిట్లింది.

"ఛీ" అంది పాప. "అమ్మా, కంపు."

గంగాభవానికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ అది ఎక్కడినించో తన్నుకొచ్చింది, కళ్ళ నీళ్ళతో కలిసి, భుజాలు ఊగిపోయేలా. ఆ చప్పుడికి పోలయ్య గుమ్మంలోకి వచ్చాడు. దండం పెట్టడానికి అలవాటుగా లేచిన చేతులు సగంలో ఆగి, ఏం చెయ్యాలో తెలియక గాలిలో ఉన్నాయి.

"ఏటన్నావే సూరీ? మీ అయ్యకి ఇనిపించనేదు, మళ్ళీ అను" అంది గంగాభవాని.

"కంపు" అంది పాప, విసుగ్గా.